మధుమేహం, మతిమరుపు రెండూ ఒకే వంశంలో కనిపిస్తే అది జన్యువుల పనేనా?

తెల్లకాగితం:
సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 46వ ఏట మధుమేహం బయటపడింది. 71వ ఏట డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని నిర్ధారించారు. ఆయన అక్కగారికి కూడా ఇదే వరుసలో ఇవే రెండు జబ్బులు వచ్చాయి. నాకిప్పుడు 52 ఏళ్లు. పోయిన నెల చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల చక్కెర సగటును చెప్పే అంకె) 6.8 వచ్చింది, మళ్లీ చేయిస్తే 6.7 వచ్చింది, కనుక మధుమేహమేనని ఇక సందేహం లేదు.

ఆ కాగితం చేతికి రాగానే నాకు గుర్తుకు వచ్చింది చక్కెర కాదు, మా నాన్నగారు గడియారం బొమ్మ వేసిన రోజు. వైద్యులు ఒక సున్నా గీసి ఇచ్చి, అందులో అంకెలు వేసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి అంకెలన్నిటినీ కుడివైపు సగంలోనే కుక్కి, ఒక ముల్లును పది మీదికి, రెండో ముల్లును పదకొండు మీదికి గీసి, అంతా సరిగానే ఉందన్నట్టు పెన్సిలు పక్కన పెట్టేశారు.

నా ప్రశ్న ఒక్కటే. ఈ రెండు జబ్బులకూ మూలమైన జన్యువు ఏదైనా ఒకటి ఉన్నదా? ఉంటే అది నాకూ వచ్చి ఉంటుందా? మా బంధువులలో కొందరు అప్పుడే "మీ వంశానికి రాసిపెట్టి ఉంది" అని తేల్చేశారు. విషయం తెలిసినవారు ఓపికగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జన్యుపాఠం:
తెల్లకాగితం గారూ, నేను జన్యుశాస్త్రం బోధిస్తాను, వైద్యుణ్ణి కాను. ఆ మేరకే నా మాటను తీసుకోండి.

ముందుగా మీ భయంలో ఒక భాగాన్ని తీసివేయగలను. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. ఒకే ఒక్క జన్యువులోని మార్పు వల్ల తప్పనిసరిగా వచ్చే అల్జీమర్స్ ఉన్నమాట నిజమే. 21వ క్రోమోజోము మీది ఏపీపీ, 14వ దాని మీది ప్రెసెనిలిన్-1, ఒకటవ దాని మీది ప్రెసెనిలిన్-2 అనే మూడు జన్యువులలో వచ్చే అరుదైన మార్పులు ఇందుకు కారణం. కానీ మొత్తం అల్జీమర్స్ రోగులలో ఇటువంటివారు నూటికి ఒకరికంటే తక్కువే, వారికి జబ్బు సాధారణంగా 65 ఏళ్లలోపే, చాలాసార్లు నలభైలలోనో యాభైలలోనో మొదలవుతుంది. మీ నాన్నగారికి 71వ ఏట తేలింది కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పైగా ఆ మూడు జన్యువులకూ మధుమేహంతో సంబంధం లేదు.

ఇక మిగిలినది ఎక్కువమందికి వచ్చే రకం. మలివయసు అల్జీమర్స్‌లో అన్నిటికంటే పెద్ద పాత్ర 19వ క్రోమోజోము మీది ఏపీఓఈ అనే జన్యువుది. ఈ సంగతి 1993లో వెలుగులోకి వచ్చింది. దీనికి ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలున్నాయి. ఈ4 రూపం తల్లిదండ్రులలో ఒకరినుంచి వస్తే అల్జీమర్స్ ముప్పు సుమారు మూడింతలు అవుతుంది. ఇద్దరినుంచీ వస్తే ఎనిమిది నుంచి పన్నెండింతల వరకు చెబుతారు. ఈ2 రూపం కొంత కాపాడుతుంది. ఈ అంకెలు జనసమూహాన్ని బట్టి మారతాయి, ఎందుకంటే వీటిలో ఎక్కువ భాగం ఐరోపా సంతతివారిని లెక్కించి తీసినవి.

టైప్-2 మధుమేహం విషయం పూర్తిగా వేరు. అక్కడ ఏపీఓఈ అంతటి పెత్తందారు లేడు. వందలాది చోట్ల ఉండే చిన్నచిన్న తేడాలు తలా కొంత భారం వేస్తాయి. వాటిలో బలమైనదిగా పేరుపడ్డ టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువును 2006లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు గుర్తించారు. దానిలోని ముప్పు కలిగించే రూపం ఒక ప్రతి ఉంటే మధుమేహం వచ్చే అవకాశం సుమారు నలభై శాతం పెరుగుతుంది. అంత పేరున్నదాని బలమే అది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. ఒక జబ్బులో ప్రధానమైన జన్యువుకు రెండో జబ్బులో ప్రాధాన్యం లేదు. మతిమరుపునకు ఏపీఓఈ ఎంత ముఖ్యమో మధుమేహానికి అంత కాదు, మధుమేహానికి టీసీఎఫ్7ఎల్2 ఎంత ముఖ్యమో అల్జీమర్స్‌కు అంత కాదు. కనుక రెండింటినీ ఒకే చేత్తో పంచిపెట్టే జన్యువు కోసం వెతికితే నిరాశే మిగులుతుంది.

మూడోమాట:
జన్యుపాఠం గారు విషయాన్ని మరీ పలుచన చేశారని నా అభిప్రాయం. అల్జీమర్స్‌ను "టైప్-3 మధుమేహం", అంటే మెదడుకు వచ్చిన మధుమేహం, అనడం ఈ రోజు మాట కాదు. 2005లోనే బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ డి లా మోంటే బృందం అల్జీమర్స్ రోగుల మెదడులో ఇన్సులిన్ సంకేతాలు కుంటుపడ్డాయని చూపి, ఆ పేరును ప్రచారంలోకి తెచ్చింది.

జన్యువుల సంగతికి వస్తే, 10వ క్రోమోజోము మీద ఐడీఈ అనే జన్యువు ఉన్నది. ఇన్సులిన్‌ను విరగగొట్టే ఎంజైమును తయారుచేసేది ఇదే. ఆ ఎంజైమే అల్జీమర్స్‌లో మెదడులో పేరుకుపోయే బీటా అమిలాయిడ్ అనే ప్రోటీనును కూడా విరగగొడుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే ఎంజైము ఆ పనిలోనే మునిగిపోతుంది, అమిలాయిడ్ అలాగే మిగిలిపోతుంది. 2003లో ఈ జన్యువును తీసివేసిన ఎలుకలను పరిశీలిస్తే వాటి మెదడులో అమిలాయిడ్ పెరిగింది, రక్తంలో ఇన్సులిన్ పెరిగింది, గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గింది. ఒకే జన్యువు, రెండు జబ్బుల లక్షణాలు! ఇంతకంటే ఏం కావాలి?

సూక్ష్మదర్శిని:
మూడోమాట గారు చెప్పినవాటిలో తప్పు వాక్యం ఒక్కటీ లేదు, కానీ వాటినుంచి తీసిన తీర్పు తప్పు అంటాను. నేను పాథాలజిస్టుగా పనిచేసి విరమించాను, మెదడు ముక్కలను సూక్ష్మదర్శిని కింద చాలా ఏళ్లు చూశాను.

అల్జీమర్స్ అనే పేరుకు మూలం రెండు గుర్తులు: కణాల బయట అమిలాయిడ్ ఫలకాలు, కణాల లోపల టౌ ప్రోటీను చిక్కుముడులు. 1906లో అలాయిస్ అల్జీమర్ వర్ణించినవి ఇవే. మధుమేహం నేరుగా అల్జీమర్స్‌ను తెస్తుందన్నదే నిజమైతే, చాలాకాలం మధుమేహంతో బతికినవారి మెదడులో ఈ ఫలకాలూ చిక్కుముడులూ మిగతావారికంటే ఎక్కువగా ఉండాలి. మరణానంతరం మెదడును పరీక్షించిన అధ్యయనాలలో అధికశాతం అలా ఉన్నట్టు చూపలేదు. వాటిలో పదే పదే కనిపించినది వేరొకటి: చిన్న రక్తనాళాలు దెబ్బతినడం, వాటి వల్ల కణజాలం చచ్చిపోయి ఏర్పడిన చిన్నచిన్న గుంటలు.

ఆ గుంటలను దగ్గరగా చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. మెదడు లోతట్టు భాగాన్ని కోసి బల్ల మీద పెడితే, కందిగింజ పట్టేంత ఖాళీలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ పక్కనే ఉన్న సన్నని ధమనిని అడ్డంగా కోసి చూస్తే, గోడ మందమై, గాజులా మెరుస్తూ, మధ్యలో రక్తం పారవలసిన దారి సూదిబెజ్జమంత మిగిలి ఉంటుంది. చనిపోయిన వ్యక్తికి పక్షవాతం వచ్చినట్టు కుటుంబసభ్యులెవరికీ తెలియదు. నిజానికి ఏ ఒక్కరోజూ ఏమీ జరగలేదు; పదిహేనేళ్లలో పాతికసార్లు కొద్దికొద్దిగా జరిగింది. నడక నెమ్మదించడం, లెక్క పెట్టడానికి సమయం పట్టడం, పనిని ఒక క్రమంలో చేయలేకపోవడం ఇటువంటి మెదడు లక్షణాలు. తెల్లకాగితం గారు చెప్పిన గడియారం బొమ్మలో నాకు మొదట తోచినదీ అదే, అయితే ఒక్క బొమ్మను చూసి ఏ రకమో చెప్పడం సాధ్యం కాదు. పెద్ద వయసులో ఎక్కువమందికి ఉండేది కలగాపులగమే: కొంత అల్జీమర్స్, కొంత రక్తనాళాల జబ్బు.

ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమం గురించి ఒక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అది మూడోమాట గారి పక్షానికి నిజంగా బలమిచ్చే విషయం. టైప్-2 మధుమేహం ఉన్నవారి క్లోమంలో కూడా ఒక రకం అమిలాయిడ్ పేరుకుంటుంది. దాని పేరు అమిలిన్, ఇన్సులిన్‌తో పాటే స్రవించే హార్మోను. 2013లో మధుమేహం ఉన్నవారి మెదడులో కూడా ఈ అమిలిన్ నిల్వలను చూపించారు. ప్రోటీన్లు మడత తప్పి పేరుకుపోవడం రెండు జబ్బులకూ ఉమ్మడి స్వభావమే. అయితే స్వభావం కలవడం వేరు, ఒకటి రెండోదానిని పుట్టించడం వేరు. "టైప్-3 మధుమేహం" అనే పేరును వైద్యసంస్థల అధికారిక వర్గీకరణలు ఏవీ స్వీకరించకపోవడానికి కారణం ఈ తేడాయే.

జన్యుపాఠం:
సూక్ష్మదర్శిని గారికి కృతజ్ఞతలు. ఐడీఈ కథలో ఒక మలుపు ఉన్నది, అది చెప్పకపోతే చర్చ అసంపూర్ణం.

2000లో 10వ క్రోమోజోము పొడవైన భుజం మీద మలివయసు అల్జీమర్స్‌కు సంబంధించినది ఏదో ఉన్నదని కుటుంబాల పరిశీలనలో తేలింది. ఐడీఈ ఉన్నది ఆ పరిసరాలలోనే కాబట్టి అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. 2007లో మధుమేహానికి సంబంధించి మొత్తం జన్యుపటాన్ని జల్లెడ పట్టినప్పుడు కూడా ఐడీఈ, దాని పొరుగున ఉన్న హెచ్‌హెచ్‌ఈఎక్స్ అనే జన్యువు ఉన్న చోట గట్టి సంకేతం కనిపించింది. రెండు జబ్బుల దారులూ ఒకే ఊరికి వచ్చినట్టు అనిపించింది. కానీ ఒకే ఊరికి వచ్చినంత మాత్రాన ఒకే ఇంటికి వచ్చినట్టు కాదు. మధుమేహపు సంకేతానికి హెచ్‌హెచ్‌ఈఎక్స్ కూడా అంతే బలమైన అభ్యర్థి, అది క్లోమం ఎదుగుదలలో పాలుపంచుకునే జన్యువు. ఎలుకలో జన్యువును పూర్తిగా తీసివేసినప్పుడు కనిపించిన ఫలితం, మనుషులలో ఆ జన్యువు దగ్గర సహజంగా ఉండే స్వల్ప తేడాల వల్ల కూడా కనిపించాలన్న నియమం లేదు.

ఇక అసలు పరీక్ష. రెండు జబ్బులు కలిసి కనిపిస్తే, ఒకటి రెండోదానికి కారణమా, లేక రెండింటికీ వెనుక మూడోది ఏదైనా ఉన్నదా అని తేల్చడానికి ఒక తెలివైన పద్ధతి ఉన్నది. దానిని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. పుట్టుకలో ఎవరికి ఏ జన్యురూపం వస్తుందన్నది చీటీలు తీసినట్టే. బిడ్డ పెరిగి ఎంత చదువుకుంటాడు, ఎంత సంపాదిస్తాడు, పొగ తాగుతాడా అన్నవాటిని చూసి చీటీ రాదు. కనుక మధుమేహాన్ని పెంచే చీటీలు ఎక్కువ వచ్చినవారిని, తక్కువ వచ్చినవారిని పక్కపక్కన పెట్టి, మొదటి గుంపులో అల్జీమర్స్ ఎక్కువగా ఉన్నదా అని చూస్తారు. మధుమేహమే అల్జీమర్స్‌కు కారణమైతే తప్పక ఉండాలి. 2015లో వేలాదిమంది అల్జీమర్స్ రోగుల జన్యువివరాలతో ఈ పని చేసినప్పుడు అటువంటి తేడా కనబడలేదు. తరువాత వచ్చిన విశ్లేషణలలో కూడా ఎక్కువభాగం ఇదే చెప్పాయి. అదే పద్ధతిలో పక్షవాతాన్ని పరిశీలిస్తే మాత్రం మధుమేహపు చీటీలు ముప్పును స్పష్టంగా పెంచుతున్నాయి. సూక్ష్మదర్శిని గారు బల్ల మీద చూసినదే ఇక్కడ లెక్కలలో తేలింది.

మరొక ఆధారం స్వీడన్ కవలలనుంచి వచ్చింది. 65 ఏళ్లు దాటిన 13,693 మంది కవలలను పరిశీలించి 2009లో ప్రకటించిన ఆ అధ్యయనం నాకు చాలా ఇష్టం. మలివయసులో మొదలైన మధుమేహానికీ డిమెన్షియాకూ ఉన్న సంబంధం కవలలో ఒకరిని మరొకరితో పోల్చినప్పుడు బలహీనపడింది. అంటే అక్కడ జన్యువులు గానీ, బాల్యంలో పంచుకున్న పరిస్థితులు గానీ కొంత పాత్ర వహిస్తున్నాయి. నడివయసులో మొదలైన మధుమేహం విషయంలో అలా జరగలేదు. పంచుకున్న జన్యువులను లెక్కలోంచి తీసివేసినా ముప్పు నిలిచే ఉన్నది. తెల్లకాగితం గారూ, మీ నాన్నగారిది ఈ రెండో కోవ. ఆయనకు జరిగినదానిలో పాతికేళ్ల మధుమేహం వాటా, వంశం వాటా కంటే పెద్దది కావచ్చును.

ఎదురుప్రశ్న:
ఒక చిన్న సందేహం. ఏపీఓఈ మధుమేహపు జన్యువు కాదంటున్నారు, బాగానే ఉన్నది. మరి ఈ4 రూపమూ మధుమేహమూ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఏమవుతుంది? ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయా, లేక ఒకదానినొకటి ఎగదోస్తాయా?

జన్యుపాఠం:
మంచి ప్రశ్న. హవాయిలోని జపాన్ సంతతి పురుషులను దశాబ్దాలపాటు అనుసరించిన హొనొలులూ-ఆసియా అధ్యయనం 2002లో ఇచ్చిన లెక్క ప్రకారం, మధుమేహమూ ఈ4 రూపమూ రెండూ లేనివారితో పోలిస్తే రెండూ ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు అయిదున్నర రెట్లు. ఇందుకు కణం లోపల జరిగే ఒక వివరణ కూడా ఉన్నది. 2017లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఈ4 జన్యువు తయారుచేసే ప్రోటీను ఇన్సులిన్ గ్రాహకాలను (ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లను) పట్టుకుని కణం లోపలి సంచులలో ఇరికించేస్తున్నదని, దాంతో కణం ఉపరితలం మీద గ్రాహకాలు తగ్గిపోతున్నాయని చూపారు. జన్యుపరమైన లంకె అన్న మాటకు నావరకు దగ్గరగా వచ్చేది ఇదే. ఒకే జన్యువు రెండు జబ్బులను తేవడం లేదు. ఒక జబ్బు జన్యువు ఉన్న మెదడు, రెండో జబ్బు కొట్టే దెబ్బను తట్టుకోలేకపోతున్నది.

రాత్రిపహరా:
నేను శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. మా అమ్మకు తొమ్మిదేళ్లుగా దగ్గరుండి సేవ చేస్తున్నాను. మీరంతా మధుమేహంనుంచి మతిమరుపు వైపు వెళ్లే దారి గురించే మాట్లాడుతున్నారు. తిరుగుదారి కూడా ఉన్నది, దానిని నేను కళ్లారా చూశాను.

అమ్మ తన షుగరు రీడింగులను ఒక పుస్తకంలో రాసుకునేది. తేదీ, సమయం, అంకె, ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ వేసుకున్నదీ, అన్నీ గీతలు కొట్టి వరుసలలో రాసేది. ఒకరోజు ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒకే తేదీ కింద, ఒకే రాత్రి సమయంతో, రెండు వరుసలు కనిపించాయి: రెండింట్లోనూ 14 యూనిట్లు. పొరపాటున రెండుసార్లు రాసిందనుకున్నాను. ఆ తరువాతి వారం ఒక తెల్లవారుజామున ఆమె గదిలోంచి మూలుగు వినబడి వెళ్లాను. దిండు తడిసి ముద్దయి ఉన్నది, చేతులు చల్లగా ఉన్నాయి, నన్ను చూసి ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చేయి విదిలించింది. మీటరులో 41 చూపించింది. గ్లూకోజు నోట్లో పోసి, కాసేపటికి తేరుకున్నాక పుస్తకం తెరిచి చూస్తే, మళ్లీ రెండు వరుసలు. ఆమె రెండుసార్లు రాయలేదు, రెండుసార్లు వేసుకున్నది.

ఆ ఉదయం మేము చూపించుకున్న చోట "షుగరు బాగా అదుపులో ఉన్నది" అని మెచ్చుకుని పంపారు, ఎందుకంటే హెచ్‌బీఏ1సీ 6.1 ఉన్నది. ఆ 6.1 వెనుక రాత్రిపూట పడిపోతున్న అంకెలు ఎన్ని ఉన్నాయో ఎవరూ అడగలేదు. మరో వైద్యుడి దగ్గరికి వెళ్లిన తరువాతనే మందు మార్చారు.

సూక్ష్మదర్శిని:
రాత్రిపహరా గారూ, మీరు చూసినదానికి పెద్ద లెక్కల మద్దతు కూడా ఉన్నది. టైప్-2 మధుమేహం ఉన్న 16,667 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఆసుపత్రికి వెళ్లవలసినంత తీవ్రంగా షుగరు ఒకసారి పడిపోయినవారికి తరువాతి కాలంలో డిమెన్షియా ముప్పు సుమారు పాతిక శాతం పెరిగింది. మూడుసార్లు, అంతకు మించి పడిపోయినవారికి దాదాపు రెట్టింపు అయింది. అయితే షుగరు పడిపోవడం వల్ల మెదడు దెబ్బతిన్నదా, అప్పటికే మొదలైన మతిమరుపు వల్ల మందు తప్పుగా వేసుకున్నారా అని విడదీయడం కష్టం. మీ అమ్మగారి పుస్తకంలో ఆ రెండో దారి స్పష్టంగా కనిపిస్తున్నది. స్వల్ప, మధ్యస్థ స్థాయి డిమెన్షియా ఉన్న వృద్ధులకు హెచ్‌బీఏ1సీని 8 లోపు ఉంచితే చాలునని అమెరికా మధుమేహ సంఘపు మార్గదర్శకాలు చెప్పడం ఇందుకోసమే. అందరికీ ఏడు లోపు అనే సూత్రం పనికిరాదు.

మాత్రలపెట్టె:
నేను ఫార్మసిస్టును. మందుల వైపునుంచి రెండు మూడు విషయాలు చెబుతాను.

చక్కెరను మరీ కిందికి దించితే మెదడు బాగుపడుతుందన్న ఆశను అకార్డ్ అనే పెద్ద ప్రయోగం పరీక్షించింది. ఒక గుంపుకు హెచ్‌బీఏ1సీ 6 లోపు, మరో గుంపుకు 7 నుంచి 7.9 మధ్య లక్ష్యంగా పెట్టారు. నలభై నెలల తరువాత జ్ఞాపకశక్తి పరీక్షలలో రెండు గుంపులకూ తేడా లేదు. పైగా కఠినమైన అదుపు గుంపులో మరణాలు ఎక్కువ కావడంతో 2008లోనే ఆ భాగాన్ని ఆపేశారు. నా ఉద్దేశంలో దీనివల్ల తెలుస్తున్నదేమిటంటే, అరవైలు దాటాక, అప్పటికే ఏళ్లతరబడి దెబ్బతిన్న నాళాలను మూడేళ్ల గట్టి అదుపుతో వెనక్కి తిప్పలేము.

కొత్త మందుల మీద కూడా పెద్ద ఆశలే ఉండేవి. మధుమేహానికీ బరువుకూ వాడే సెమాగ్లుటైడ్ మాత్రను తొలిదశ అల్జీమర్స్ ఉన్నవారికి ఇచ్చి చూసిన ఇవోక్, ఇవోక్ ప్లస్ అనే రెండు ప్రయోగాలలో జబ్బు వేగం తగ్గలేదని 2025 నవంబరులో ఆ మందు తయారుచేసే సంస్థే ప్రకటించింది. అల్జీమర్స్ అంటే మెదడుకు వచ్చిన మధుమేహమే అనుకునేవారు ఈ ఫలితానికి ఏదో ఒక సమాధానం చెప్పవలసి ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలామంది మరచిపోయేది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి బీ12 విటమిను తగ్గిపోతుంది. బీ12 తక్కువైతే వచ్చే మతిమరుపు, తికమక, కాళ్ల తిమ్మిర్లు వృద్ధులలో అచ్చం డిమెన్షియాలాగే, లేదా మధుమేహపు నరాల జబ్బులాగే కనిపిస్తాయి. ఒక్క రక్తపరీక్షతో తెలుసుకోగలిగినదానిని వంశం మీదికి నెట్టివేయడం ఎన్నిసార్లో చూశాను.

తెల్లకాగితం:
అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. బీ12 మాట ఇంతవరకు మాతో ఎవరూ అనలేదు. నాన్నగారు ఇరవై ఏళ్లకు పైగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రేపే అడుగుతాను.

ఇక నా గురించి. ఏపీఓఈ పరీక్ష చేయించుకోమంటారా? ఉమ్మి పంపితే చాలు, ఇంటికే ఫలితం వస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. వాడికి 44 ఏళ్లు, ఇంకా షుగరు లేదు.

జన్యుపాఠం:
ఇది మీరే తేల్చుకోవలసిన విషయం కాబట్టి, తేల్చుకోవడానికి కావలసినవి మాత్రం చెబుతాను.

ఈ4 ఉన్నా జబ్బు రాకుండా పండు వయసు వరకు బతికినవారు ఎందరో ఉన్నారు. ఈ4 లేకుండానే జబ్బు వచ్చినవారూ ఎందరో ఉన్నారు. లక్షణాలు లేని మనిషికి ముందుజాగ్రత్తగా ఈ పరీక్ష చేయించమని వైద్యమార్గదర్శకాలు సాధారణంగా సూచించవు, ఎందుకంటే ఫలితం ఏదైనా చేయవలసిన పనులు మారవు. దానికి ఒక మినహాయింపు ఉన్నది. లెకానెమాబ్ వంటి అమిలాయిడ్‌ను తొలగించే మందును ఎవరికైనా ఇవ్వాలనుకున్నప్పుడు, మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఈ4 రెండు ప్రతులు ఉన్నవారికి ఎక్కువ కాబట్టి, ముందుగా ఆ పరీక్ష చేస్తారు. అది జబ్బు మొదలైనవారి సంగతి.

మరో విషయం మీ తమ్ముడికి చెప్పండి. ఆ ఫలితం ఒక్కరిది కాదు. మీకు ఈ4 రెండు ప్రతులు ఉన్నాయని తెలిస్తే, మీ పిల్లలందరికీ కనీసం ఒక ప్రతి ఉన్నదని వారిని అడగకుండానే తెలిసిపోతుంది. ఒకసారి తెలిసినదానిని తెలియకుండా చేసుకోవడం కుదరదు. చేయించుకోదలిస్తే జన్యుసలహాదారుతో మాట్లాడి చేయించుకోండి, కవరులో వచ్చే కాగితంతో ఒంటరిగా కూర్చోకండి.

జన్యువుల కంటే గట్టిగా మాట్లాడే అంకె ఒకటున్నది. బ్రిటన్‌లోని ప్రభుత్వోద్యోగులను 1985నుంచి అనుసరిస్తున్న వైట్‌హాల్-2 అధ్యయనం 2021లో ఇచ్చిన లెక్కలో, 70 ఏళ్ల వయసుకు పదేళ్లకు మించి ముందే మధుమేహం మొదలైనవారికి డిమెన్షియా ముప్పు మధుమేహం లేనివారికంటే రెట్టింపు. మొదలైన వయసు అయిదేళ్లు తగ్గిన కొద్దీ ముప్పు సుమారు నాలుగోవంతు పెరిగింది. మీ తమ్ముడి విషయంలో ఏపీఓఈ కంటే ఇదే అసలు లెక్క: వాడికి షుగరు 46లో వస్తుందా, 56లో వస్తుందా, అసలు రాకుండా పోతుందా?

మూడోమాట:
నా మాటను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. మెదడులో ఇన్సులిన్ పనితీరు కుంటుపడుతుందన్నది నిజం, ఈ4 ప్రోటీను గ్రాహకాలను ఇరికించడం కూడా నా వాదానికి దూరం కాదు. కానీ "టైప్-3" అన్న పేరు ఒక కుటుంబానికి ఎంత భయాన్ని తెచ్చిపెట్టగలదో ఈ చర్చలోనే చూశాను. ఆ మాటను ఇకపై కాస్త చూసుకుని వాడతాను.

ఒక్కటి చేరుస్తాను. 2015లో ఫిన్లాండులో ఫింగర్ అనే ప్రయోగం జరిగింది. ముప్పు ఎక్కువగా ఉన్న 60 నుంచి 77 ఏళ్ల వయసువారిని 1,260 మందిని తీసుకుని, సగం మందికి రెండేళ్లపాటు ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు, చక్కెర వంటివాటి అదుపు, అన్నీ కలిపి అమలుచేస్తే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షలలో స్వల్పమైనా నిజమైన మేలు కనిపించింది. ఈ4 రూపం ఉన్నవారికి ఆ మేలు అందకుండా పోలేదు.

సూక్ష్మదర్శిని:
సవరణ ఒక్కటే: 2015 ఫలితాలు ప్రకటించిన సంవత్సరం, ప్రయోగం అంతకు ముందే జరిగింది. మిగతాదంతా సరే. ఆ జాబితాలో నేను మొదట చూసేది రక్తపోటు. మధుమేహం ఉన్నవారి చిన్న నాళాలను చక్కెర ఒక్కటే పాడుచేయదు, దానికి తోడు రక్తపోటు కూడా ఉంటే ఆ పని మరింత వేగంగా జరుగుతుంది. తెల్లకాగితం గారు తన రక్తపోటు ఎంతో ఇప్పటివరకు చెప్పలేదు.

తెల్లకాగితం:
అడిగినందుకు చెబుతున్నాను, 148/92. చూపించుకున్నప్పుడు "ఆందోళన వల్ల పెరిగి ఉంటుంది" అన్నారు, నేనూ అదే అనుకుని వదిలేశాను. ఇప్పుడు ఇంట్లో మీటరు పెట్టుకుని ఉదయం సాయంత్రం రాస్తున్నాను. నాలుగు రోజులుగా 140కి దిగలేదు.

నాన్నగారి బీ12 ఫలితం వచ్చింది. 138 పికోగ్రాములు, ఉండవలసినదానికంటే బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. దీనివల్ల ఆయన మతిమరుపు మొత్తం పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు, నేనూ ఆశ పెట్టుకోలేదు. ఆయన మందులపెట్టె తాళం ఇప్పుడు మా అమ్మ దగ్గర ఉన్నది. రాత్రిపహరా గారి పోస్టు చదివిన రాత్రే ఆ ఏర్పాటు చేశాము.

జన్యుపరీక్ష ప్రస్తుతానికి చేయించుకోవడం లేదు. మా తమ్ముడు మాత్రం ఉమ్మి గొట్టం కొనడం మానుకుని, నిన్న మొదటిసారి హెచ్‌బీఏ1సీ చేయించుకున్నాడు. 6.0 వచ్చింది. మధుమేహం కాదు, కానీ దాని గుమ్మంలో ఉన్నట్టేనని చెప్పారట. వాడు ఇప్పుడు ఈ చర్చను మొదటినుంచి చదువుతున్నాడు, అతడి ప్రశ్నలు అతడే ఇక్కడ అడుగుతాడు.